రెండో పేపరు

సబ్బుల ఫ్యాక్టరీలో కాస్టిక్ సోడా తూచే త్రాసు ముందు ఆమె మళ్ళీ లెక్క తప్పింది. చేతులకు రబ్బరు తొడుగులు, ముక్కుకు గుడ్డ, కళ్ళకు అద్దాలు. ఏళ్ళ తరబడి కళ్ళు మూసుకుని చేసిన పని ఇవాళ కళ్ళు తెరుచుకున్నా చేతకావటం లేదు.

"ఏం కెమిస్టమ్మా, ఇవాళ సబ్బులో సోడా వేస్తావా, సోడాలో సబ్బు వేస్తావా?" అని పక్క త్రాసు ఆవిడ నవ్వింది. ఆమెకు నవ్వు రాలేదు. దగ్గు వచ్చింది.

డిగ్రీకి రసాయన శాస్త్రంలో మూడు పేపర్లు. నిన్న మొదటిది రాసి, పెద్ద లెక్క చకచకా తేలిపోయిందని మురిసిపోతూ బయటికొచ్చింది. మెట్ల మీద ఎవరో పిల్ల "ముందు ఉష్ణోగ్రతను కెల్విన్‌లోకి మార్చాను" అనటం విని ఆమె కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. ఆమె మార్చలేదు. సెంటీగ్రేడు అంకెనే పట్టుకుని పేజీల కొద్దీ కట్టుకుంటూ పోయింది. అదంతా మంటగలిసింది.

మూడు పేపర్లూ కలిపి సగటున పాసు మార్కులు వస్తే చాలు. అంటే ఈ మధ్యాహ్నం కర్బన రసాయనం బాగా రాస్తేనే నిన్నటి గొయ్యి పూడుతుంది. పాసైతే పై అంతస్తులో ల్యాబుకు మారుస్తానని మేనేజరు మాటిచ్చాడు. ఈ ఘాటులో ఇంకా ఉంటే ఊపిరితిత్తులు పాడవుతాయని డాక్టరు ఎప్పుడో చెప్పాడు. పొద్దున భర్త "పోనీ మానెయ్, వచ్చే ఏడు చూద్దాంలే" అన్నాడు. జాలిపడి అన్నాడు పాపం. సరేనని కూర్చుండిపోవాలనిపించింది, అందుకే ఆమెకు మరీ భయం వేసింది.

సగం షిఫ్టు ముగించి గేటు దగ్గరికి వచ్చేసరికి ఆమె మనసు ఇంటివైపే లాగుతోంది. అక్కడ బాబాయి తనూ పరీక్షకు సిద్ధంగా ఉన్నాడు. సొంత బాబాయి కాదు, గేటు కాపలాదారు, ఫ్యాక్టరీ మొత్తానికీ బాబాయే. కుర్రతనంలో ఆపేసిన ఈ చదువునే రిటైరవబోతూ మళ్ళీ మొదలుపెట్టాడు. రోజూ భోజనాల వేళ ఇద్దరూ గేటు గదిలో ఒకరికొకరు పాఠాలు అప్పజెప్పుకునేవారు.

"నేను రాను బాబాయ్. నిన్నటిది పోయింది. ఇవాళ తూకం కూడా తప్పుతోంది."

"పోయింది ఒక్క లెక్కేగా, పేపరంతా కాదుగా. పదమ్మాయ్. ఒక్కణ్ణీ వెళ్ళాలంటే నాకూ భయమే."

ఆ ఆఖరి మాటకు ఆమె కదిలింది. జ్వరమొచ్చిన అత్తగారికి, పన్ను పీకించుకోబోయే ఆడబిడ్డకు, ఎవరికి గుండె జారినా తోడు వెళ్ళింది ఆమే. ఒకరి భయానికి తోడు వెళ్ళటం ఆమెకు బాగా అలవాటైన పని.

పరీక్ష హాల్లో బాబాయిది ఆమె ముందు బల్ల. ప్రశ్నపత్రం చూడగానే అక్షరాలు అలుక్కుపోయాయి. ముందున్న ఆ వంగిన వీపును కాసేపు చూసింది. తర్వాత బెంజీన్ వలయం గీసింది. వంకరగా వచ్చింది. కొట్టేసి మళ్ళీ గీసింది. మొదటి జవాబు మెల్లగా కదిలింది, రెండోది దాని వెనకే వచ్చింది.

బయటికి వెళ్ళనిచ్చే మొదటి గంట కొట్టగానే బాబాయి లేచాడు. జవాబు పుస్తకం అందుకున్న పర్యవేక్షకురాలు పేజీలు తిప్పి చూసింది.

"నంబరు తప్ప ఏమీ రాయలేదేంటండీ?"

"నా పని నిన్నటి పేపరుతోనే అయిపోయిందండీ. చదివింది తలకెక్కటం లేదు. ఇవాళ తోడొచ్చాను, అంతే."

మెల్లగా అన్నాడు గాని ఆమెకు వినపడింది. బాబాయి వెనక్కి చూడకుండా, చెప్పుల చప్పుడు కానీయకుండా వెళ్ళిపోయాడు. ఆమెకు ముందు కోపం వచ్చింది, ఆ వెంటనే ఏడుపు ముంచుకొచ్చింది. లేచి వెంట పరుగెత్తాలనిపించింది. ముంజేతితో కళ్ళు తుడుచుకుని మూడో ప్రశ్న చదవటం మొదలుపెట్టింది.

ముందు బల్ల మీద, వలయాలు గీయటానికని బాబాయి చెక్కి తెచ్చిన పెన్సిలు ఉండిపోయింది, మొన ఏమాత్రం అరగకుండా.