ఇంగ్లండు తెర

నీలకంఠం చేతికి నా కెమెరా ఇచ్చేటప్పుడే నాకు బుద్ధి ఉండాల్సింది. లేకపోయింది. అవసరం అలాంటిది మరి.

అది 1974. పాత పోస్టాఫీసు దగ్గర నా ఫోటో స్టూడియో. పన్నెండేళ్ళుగా అందులో ఉన్నది ఒకటే తెర, తాజ్‌మహల్‌ది. ఎంతమంది పెళ్ళికొడుకులు దానికి వీపు ఆనించారో గానీ, ఆ పాలరాయి కాస్తా వంటింటి గోడ రంగుకొచ్చింది. సరిగ్గా అప్పుడే ఎదురు వరసలో కొత్త స్టూడియో వెలిసింది. వాళ్ళకి మంచుకొండల తెర, దాని ముందు సిమెంటు హంస. జనం ఆ హంస మీద కూర్చోడానికి క్యూ కట్టారు. వైశాఖం పెళ్ళిళ్ళ నాటికి కొత్త తెర కట్టకపోతే మన షట్టర్ దించేసుకోవడమేనని నా భార్య నసీమా తేల్చి చెప్పింది. ఆవిడ అబద్ధమాడదు. అదే నా బాధ.

నీలకంఠం మల్కాపురంవాడు, ఓడలో పని. వచ్చిన ప్రతిసారీ నా బెంచీ మీద కూర్చుని దేశాల కబుర్లు చెప్పేవాడు. ఆ దీపావళికి ఇంగ్లండులో ఒక ఊరి సంగతి ఎత్తాడు.

"రేవు కాడ్నుంచి బస్సులో గంట, ఖాదర్ బావ. అన్నీ రాతి ఇల్లే. ఊరి సివర పెద్ద మఠం. సన్నాసులు ఎల్లిపోయి నాలుగొందల ఏల్లయిపోనాదంట. కమానులు మాత్రం అలాగే నిలబడున్నాయి."

నా కళ్ళకు అప్పుడే తెర కనబడిపోయింది. ఈ ఊళ్ళో ఎవడి దగ్గరా లేని తెర!

"మల్లీ అటే ఎల్తన్నావా?" అన్నాను.

"వొచ్చే నెల."

స్టూడియో పనికి పెద్దది ఉంది గనక నా చిన్న కెమెరా ఇచ్చాను, రెండు రీళ్ళు ఇచ్చాను. వెలుతురు ఎటు ఉండాలో, ఎంత దూరంలో నిలబడాలో రెండు రోజులు కూర్చోబెట్టి నేర్పాను. ఊరూ, మఠమూ, గుమ్మాలూ, కమానులూ అన్నీ పడాలని పదిసార్లు చెప్పాను. మనుషులు వద్దని మాత్రం చెప్పలేదు. అది కూడా చెప్పాలని ఎవడికి తడుతుంది?

ఉగాది వెళ్ళిన వారానికి వచ్చాడు. ఆ రోజే చీకటిగదిలో దూరి రీళ్ళు కడిగాను. ఇరవై నాలుగు ఫోటోలు. మొదటిదాంట్లో మఠం సింహద్వారం, దానికి సరిగ్గా నట్టనడుమ టోపీ పెట్టుకున్న ఒక ముసలి దొరసాని. రెండోదాంట్లో కమానుల వరస, వాటికి అడ్డంగా ఒక పాదిరీ. వంతెన ముందు ఏప్రాను కట్టుకున్న మాంసం కొట్టాయన. ఇలా ఇరవై నాలుగూ. అందరూ చేతులు కిందకి దించి, బిగుసుకుపోయి, నా ప్రాణం తియ్యడానికే నిలబడ్డట్టు నిలబడ్డారు.

"మఠం ఏదయ్యా?" అని అరిచాను.

"ఎనకాల ఉంది కదేటి?"

"మద్దిలో ఈ ముసలమ్మ ఎందుకు?"

నీలకంఠానికి కోపమొచ్చింది. "మనిసి లేకండా ఫోటో ఏటి బావ? రీలు దండగ కాదేటి? పాపం, ఆవిడ టీ కూడా ఇచ్చింది. సేతులు కిందకెట్టి, నవ్వొద్దని సెప్పి, అచ్చం నువ్వు నిలబెట్టినట్టే నిలబెట్టాను."

పన్నెండేళ్ళుగా ఈ బెంచీ మీద కూర్చుని వాడు చూసిందదే. నేర్పింది నేనే.

పెళ్ళిళ్ళకి పట్టుమని నెల లేదు. చేసేది లేక దొరసాని ఫోటో పట్టుకెళ్ళి, బోర్డులు రాసే గంగాధరరావుకి ఇచ్చాను. చెయ్యి బంగారం, మనిషి మొండి.

"ముసల్దాన్ని తీసేసి ద్వారం వెయ్యి బాబూ," అన్నాను.

"ఆవిడెనకాల ఏటుందో నాకేటి తెలుసు? నాను సూసిందే ఏత్తాను," అన్నాడు.

బతిమాలాను, తిట్టాను. వినలేదు. పది రోజుల తర్వాత తెర తెచ్చి కట్టాడు. రాతి ఇళ్ళు, నాచు పట్టిన గోడలు, కమానుల మీద ఆకాశం, అబ్బ, ఎంత బాగున్నాయో! సరిగ్గా మధ్యలో మాత్రం, దొరసాని నిలబడ్డ చోట, రంగు వెయ్యని ఒక తెల్లటి మచ్చ. మనిషి ఎత్తున, టోపీతో సహా. నేను బెంచీ మీద కూలబడ్డాను. ఏడుపొచ్చిందని చెప్పుకోడానికి నాకేం సిగ్గు లేదు.

అప్పుడే నసీమా నాకు అన్నం తెచ్చింది. తెర చూసింది, నన్ను చూసింది, క్యారేజీతో సహా వెళ్ళి ఆ మచ్చ ముందు నిలబడింది. మచ్చ మాయమైపోయింది. ఇంగ్లండు మిగిలింది, నా భార్య మిగిలింది.

"మనిసి లేకండా మీరు ఎప్పుడైనా తెర ముందు ఫోటో తీసారేటి?" అంది.

తియ్యలేదు. పన్నెండేళ్ళలో ఒక్కటీ తియ్యలేదు! నీలకంఠం చెప్పిందీ అదేగా?

ఆ వైశాఖంలో కొత్తగా పెళ్ళైన యారాడ చిట్టమ్మ, మొగుడితో కలిసి మొట్టమొదట మఠం ముందు నిలబడింది. పొట్టిగా ఉంది, టోపీ ముక్క కనబడిపోతోంది, ఒక పీట వేశాను. ఆ తర్వాత నెల రోజులు నాకు భోజనానికి తీరిక లేదు. ఎదురింటి హంస మీద కాకులు వాలాయి. నా షట్టర్ దిగలేదు.

మళ్ళీ ఓడెక్కే ముందు నీలకంఠం వచ్చి షోకేసంతా వెతికాడు. "ఊరందరి ఫోటోలూ ఉన్నాయి. నీది ఏదీ బావ?"

నాది లేదు. నేనెప్పుడూ కెమెరాకి ఇవతలే కదా! వాడు నా చేతిలోంచి కెమెరా లాక్కున్నాడు. నసీమానీ నన్నూ మఠం ముందుకు తోశాడు.

"సేతులు కిందకి. నవ్వొద్దు," అన్నాడు గట్టిగా, అచ్చం నాలాగే.

నవ్వు ఆగలేదు. ఇద్దరికీ ఆగలేదు. ఆ నవ్వులోనే నొక్కేశాడు.

ఫోటో రెండు కాపీలు అడిగాడు.

"రెండోది ఎవరికి?" అన్నాను.

"టీ ఇచ్చిన దొరసానికి, బావ. ఆవిడ నిలబడ్డ సోట ఇప్పుడు ఎవరు నిలబడతన్నారో ఆవిడకి తెలవాల కదా!"