కాలి మీద దెబ్బ

గేముల మీద మాట్లాడేటప్పుడు నాకు మొహమాటం ఉండదు. నా ఛానల్ చూసేవాళ్లకు ఆ సంగతి తెలుసు. ఈ నెల ఆడిన వాటిలో మొదటిది సముద్రపు దొంగల గేము. నీళ్లు బ్రహ్మాండంగా గీశారు, ఒప్పుకుంటాను. కానీ దాన్ని తయారుచేసినవాడు జన్మలో పడవెక్కలేదని ఇట్టే తేలిపోయింది. అంత అలల్లోనూ హీరో రెండు చేతులా కత్తులు పట్టుకుని నిటారుగా నిలబడతాడు. ఒకసారి మా అల్లూరు తీరానికి రమ్మనండి, ఎలా నిలబడతాడో చూస్తాను. రెండోది శవాలు లేచి తిరిగే గేము. నెత్తురు టమోటా పచ్చడిలా చిమ్ముతుంది కానీ ఎక్కడా ఎవడి కాలూ జారదు. మూడోది వీధి కొట్లాట. అదొక్కటే నాకు నచ్చింది. అందులో ప్రతి దెబ్బకూ ఒక లెక్క ఉంటుంది. తల మీద కొడితే చస్తాడు, కడుపులో కొడితే వంగిపోతాడు, కాలి మీద కొడితే కాసేపు కుంటుతూ నడిచి మళ్లీ మామూలవుతాడు. చాలా తెలివైన లెక్క అని వీడియోలో తెగ పొగిడాను.

ఆ వీడియో పెట్టిన మర్నాడు పొద్దున్నే మా అక్క మహాలక్ష్మి ఫోన్ చేసింది. ఆమెను తడ అవతల, రాష్ట్రం సరిహద్దు దాటాక ఉన్న ఊరికి ఇచ్చాం.

"అబ్బయా, మీ బావ పెద్ద బోటెక్కినాడ్రా. వద్దంటే వినలా. మీ దిక్కే వస్తా ఉండారంట," అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ పెద్ద బోట్లు ఒడ్డు దగ్గరికి వచ్చి, మేం వేసుకున్న వలల మీదుగానే పోతాయి. వలలు పీలికలై తేలతాయి. మా బావ మధుబాబుకు ఎక్కడానికి ఇంకో బోటే దొరకలేదా? పెళ్లయిన కొత్తలో ఆయన నాతోపాటు మా పడవలో వేటకు వచ్చినవాడు. ఎవరి వల ఎక్కడుంటుందో ఎరిగినవాడు. ఆయన ఆ బోటులో కనబడితే, దారి చూపించింది ఈ అల్లుడేనని ఊరంతా అనుకుంటుంది. ఆ తర్వాత ప్రాణాలతో వదలరు.

ఫోన్ పెట్టేలోపే ఒడ్డున కేకలు మొదలయ్యాయి. "ఇంటికొక మనిషి! ఇంటికొక మనిషి!" అని ఊరి పెద్ద ముత్యాలయ్య అరుస్తున్నాడు. మా ఊళ్లో ఆ కేక పడిందంటే ప్రతి గడప నుంచీ ఒక మగవాడు పడవెక్కాలి. ఎక్కని ఇంటిని వెలేస్తారు. అవతలివాణ్ణి వెనకేసుకొచ్చిన ఇంటికీ అదే శిక్ష. పోయినేడు ఒక దూరపు చుట్టాన్ని కొట్టనివ్వకుండా అడ్డం నిలబడ్డ అశోక్, ఇప్పుడు పెళ్లాం బిడ్డలతో కావలిలో ఇటుకలు మోస్తున్నాడు.

మా ఇంట్లో ఉన్నది నేనూ అమ్మా. నేను పడవ తోసే గెడ తీసుకుంటుంటే అమ్మ నా చొక్కా పట్టుకుంది.

"అల్లుడికేమన్నా అయితే నువ్వు ఇంటికి రావాకు," అంది.

మా ఫైబర్ పడవలు చుట్టుముట్టినా పెద్ద బోటు ఆగలేదు. ముందున్న మావాళ్ల పడవను అడ్డంగా గుద్దింది. అందులోంచి ఎగిరిపడ్డ పోలయ్య ముఖం బోటు అంచుకు కొట్టుకుని చితికిపోయింది. పళ్లు రాలిన నోటితో నెత్తురు కక్కుతూ నీళ్లలో తేలాడు. అది చూసి మావాళ్లకు పిచ్చెక్కింది. పాత తాళ్లు విసిరారు. అవి నీళ్లలో తిరిగే ఇంజను ఫ్యానుకు చుట్టుకుని బోటు ఆగిపోయింది. అరుచుకుంటూ పైకెక్కాం.

వాళ్లు వలలకు బరువుగా కట్టే సీసపు గుళ్లు విసిరారు. ఒకటి నా పక్కవాడి భుజానికి తగిలింది. గేముల్లో ఎముక విరిగితే ఫెళ్లున వినిపిస్తుంది. అదంతా అబద్ధం. ఆ చప్పుడు చాలా చిన్నది, మనిషి అరుపే పెద్దది. తెడ్లతో, గెడలతో, చేతికి దొరికినదానితో మావాళ్లు బాదుతున్నారు. ఒకడి చెవి సగం తెగి వేలాడుతోంది. ఇంకొకణ్ణి ఐసు పెట్టె మీదికి తోసి, మూత వాడి వేళ్ల మీద వేసి నొక్కారు. చేపల నెత్తురూ మనుషుల నెత్తురూ కలిసి అడుగు నిలవడం లేదు. నేనూ కొట్టాను. ఒకడి ముక్కు మీద నా పిడికిలి దిగినప్పుడు సంతోషమే కలిగింది, దాచను.

అప్పుడు కనబడ్డాడు బావ. ఇంజను పక్కన, ముఖానికి తువ్వాలు చుట్టుకుని నిలబడ్డాడు. ముంజేతి మీద మా అక్క పేరు పచ్చబొట్టు లేకపోతే నేనూ పోల్చుకోలేకపోయేవాణ్ణి.

"ఆ తువ్వాల లాగండ్రా! ఎవుడో చూద్దాం!" అంటూ ముత్యాలయ్య అటే వస్తున్నాడు.

తువ్వాలు ఊడితే మా అక్క బతుకు అక్కడితో సరి. మా తీరంలో ఒక పద్ధతి ఉంది. కొట్లాటలో పడిపోయినవాణ్ణి కొట్టరు, ముట్టరు. ముడితే ఆ ఏడంతా వేట దొరకదని నమ్మకం. ఇంత మంచి నియమం నేనాడిన ఏ గేములోనూ లేదు. బావ పడాలి. ఇంకెవరి చెయ్యీ పడకముందే పడాలి. తల వద్దు, కడుపు వద్దు. కాలు చాలు, కాసేపు కుంటుతాడు అనుకున్నాను.

గెడ ఎత్తాను. బావ నన్ను గుర్తుపట్టాడు. పక్కకు తప్పుకోలేదు, చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. నేను కొట్టనని నమ్మాడు. ఉన్న బలమంతా పెట్టి మోకాలి కింద కొట్టాను. ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చింది.

"పడినాడు! పడినాడు!" అని అరుస్తూ ఆయనకు అడ్డంగా నిలబడ్డాను. ముత్యాలయ్య చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఒడ్డుకు చేరాక గాయపడ్డవాళ్లను 108లో నెల్లూరు పంపించేదాకా ఆ ముఖం ఎవరూ చూడలేదు.

సాయంత్రానికి ఆసుపత్రికి వెళ్లాను. అక్క నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది.

"నువ్వాడ ఉండబట్టి ప్రాణాలతో వచ్చినాడ్రా! కాలు మాత్రం ఇంక వంగదంట. పడవలో నిలబడలేడంట," అని ఏడ్చింది. మందుల చీటీ తీసుకుని కిందికి వెళ్లింది.

బావ పైకప్పు వైపే చూస్తున్నాడు.

"మీ అక్కకు చెప్పలా. చెప్పను గూడా," అన్నాడు.

"బావా, చిన్న దెబ్బే అనుకున్నా..."

"ఎట్ట అనుకున్నావురా?"

గేము సంగతి నాలుక చివరి దాకా వచ్చింది. సిగ్గుతో మింగేశాను.

"ఓనరు ఇంకో బోటు దింపతా ఉండాడు," అన్నాడు బావ. "నా చోట మనిషిని పెట్టకపోతే వేరేవోణ్ణి ఎక్కించుకుంటాడు. నా పిల్లోళ్లు ఏం తినాల? ఆడ నువ్వు నిలబడాల."

"ఆ బోటు యాడికి పోద్ది బావా?"

"మీ దిక్కే. నీకు తెలవదా?"

అక్క తిరిగొచ్చింది. మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది.

"నా చోట బోటెక్కతా అంటా ఉండాడు నీ తమ్ముడు," అన్నాడు బావ.

అక్క నా తలను గుండెకు హత్తుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. "నీ రుణం ఎట్ట తీర్చుకునేదిరా," అంది. ఆమె భుజం మీదుగా బావ నన్నే చూస్తున్నాడు.

"ఎప్పుడెక్కాల బావా?" అని అడిగాను.