చార్మినార్ అరిగిన రూపాయి

భద్రమ్మ పోయిన రోజు దవాఖానావాళ్లు ఆమె భర్త, బడిపంతులు సారంగపాణి చేతిలో ఒక కాగితం పొట్లం పెట్టారు. పుస్తెలు, మెట్టెలు, ఆమె ఎప్పుడూ రొంటిన దోపుకునే నిజాం కాలపు వెండి రూపాయి. పదకొండో రోజు కర్మ అయ్యాక గానీ పొట్లం విప్పడానికి అతనికి చేతులు రాలేదు. రూపాయికి ఒకవైపు ఉర్దూ అక్షరాలు స్పష్టంగానే ఉన్నాయి. రెండోవైపు ఉండాల్సిన చార్మినార్ బొమ్మ లేదు. నున్నగా ఉంది.

పెళ్లినాడు తండ్రి ఇచ్చిన రూపాయి అది. పుట్టింటి గుర్తుగా ఆమెకు మిగిలింది అదొక్కటే.

“దవాఖానల మార్చిండ్రు బావా,” అన్నాడు ఆమె తమ్ముడు యాకయ్య. “మా నాయిన ఇచ్చిననాడు మీనార్లు ఎంత సక్కగ గనవడుతుండె. నువ్వేమో ఎవర్నీ అడగవు.”

సారంగపాణికి ఒళ్లు మండింది. మర్నాడు దవాఖానాకు పోయి అడిగాడు. ఒక గదివాళ్లు ఇంకో గది చూపించారు. నాలుగో గదివాళ్లు మొదటి గదికే పొమ్మన్నారు.

అటునుంచి మట్టెవాడ పోయాడు. కంసాలి వెంకటయ్య రూపాయిని గీటురాయి మీద గీసి చూశాడు.

“వెండి అసలుదే సారూ. చేతులు మారి అరిగింది.”

“చేతులు మారితే రెండు దిక్కులా అరగాలె గదా?”

“గట్లయితే ఎవలో ఆకురాయి పెట్టి వెండి గీకిండ్రు.”

“మరి గీతలేవి?”

“సారూ, ఇది బడి గాదు. అమ్ముతరా, పెట్టుకుంటరా?”

అతను రూపాయి తీసుకుని కాశిబుగ్గలోని ఇంటికి వచ్చేశాడు. ఇంటి ముందు పక్కింటి చిలుకమ్మ అతని కూతురు సమ్మక్కకు తల దువ్వుతోంది. పిల్లకు ఏడేళ్లు. ఇంకా మాట రాలేదు. తండ్రి చేతిలో రూపాయి చూడగానే లేచి వంటింట్లోకి పరుగెత్తింది. సానరాయి మోసుకొచ్చి అతని ముందు పెట్టి, నాలుక చాపి నిలబడింది.

“ఇదేంది చిలుకమ్మక్కా?”

“నీకు తెల్వదా సారూ? నువ్వు సైకిలెక్కి మడికొండ బడికి పోంగనే, దినాం గీ రూపాయి, వసకొమ్ము అరగదీసి పిల్ల నాలిక మీద రాస్తుండె. మాట వస్తదని.”

“వసకు బంగారం గదా అరగదీస్తరు?”

“ఉన్న బంగారం పుస్తెలే. అయి అరగదీస్తే నీకు మంచిది గాదని భయపడ్డది. చార్మినార్ దిక్కే రుద్దేది. అక్షరాలు అరిగితే పిల్లకు మాటెట్ల వస్తదనేది.”

“నాకెందుకు చెప్పలే?”

“ఒకపాలి చెప్పిందట. వసకొమ్ము గుంజుకొని బయట పారేసినవట.”

పారేసిన సంగతి అతనికి గుర్తు లేదు. పారేసే ఉంటాడని మాత్రం తెలుసు.

సమ్మక్క నోరు మూసి మళ్లీ తెరిచింది. సారంగపాణి సానరాయి ముందు కూర్చున్నాడు. ఎన్ని చుక్కల నీళ్లు వేయాలో, ఎంతసేపు రుద్దాలో చిలుకమ్మకూ తెలియదు.

భద్రమ్మ దవాఖానాలో చేరిననాటి నుంచి పిల్లకు వస రాయలేదు. ఈరోజు కూడా ఇంకా రాయలేదు.