తాతయ్య గొంతులో తోడేలు

రేడియోలో వచ్చే పిల్లల కథల్లో తోడేలు గొంతు ఎవరిదని అడిగితే, ఆ వీధిలో ఎవరైనా తాతయ్య ఇల్లు చూపిస్తారు. ఆయన పోస్టాఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. తోడేలు మాత్రం రిటైరు కాలేదు. పాలవాడు కూడా గుమ్మంలో నిలబడి "తోడేలుగారూ, పాలు" అనే పిలుస్తాడు. ఆ పిలుపంటే ఆయనకు లోలోపల ముచ్చటే. మనవరాలు వచ్చేదాకా ముచ్చటే.

కూతురికి ఈ ఊరికి బదిలీ అయింది. పొద్దున్నే పిల్లను ఇక్కడ దింపి ఆఫీసుకు వెళుతుంది. పిల్లకు నాలుగేళ్ళు, అందరూ బుడంకాయ అంటారు. వచ్చిన కొత్తలో తాతయ్య చంక దిగేది కాదు. ఒక ఆదివారం అమ్మమ్మ వంటింట్లో రేడియో పెట్టింది. "నిన్ను నమిలి మింగేస్తాను" అంటూ అందులోంచి ఒక గొంతు గరగరలాడింది. పిల్ల రేడియో వంక చూసింది, గుమ్మంలో ఉన్న తాతయ్య వంక చూసింది, అమ్మమ్మ వెనక్కి దూరింది.

అప్పటినుంచి ఆయన అన్నం కలిపితే తినదు. ఆయన దగ్గితే చాలు, బల్ల కిందికి పోతుంది. ఖాళీ ఒడితో పేపరు చదవడం తాతయ్యకు కష్టంగానే ఉంది.

ఇంతలో రేడియోలో ఆ కథలు చేయించే మేడమ్ కొత్త కథ పంపింది. అందులో తోడేలు ఒక తల్లి. కొండ తొలిచి రోడ్డు వేస్తుంటే దాని గుహ పోతుంది. పిల్లల్ని నోట కరుచుకుని చోటు వెతుకుతూ తిరుగుతుంది.

"ఈసారి భయపెట్టొద్దండీ," అంది ఆవిడ ఫోన్‌లో. "తోడేళ్ళు తగ్గిపోతున్నాయి. పిల్లలు వాటి మీద జాలి పడాలంటే అదీ మీ గొంతుతోనే జరగాలి."

"జాలి సరేనమ్మా. భయపడ్డానికి కూడా పిల్లలకు ఎవరో ఒకళ్ళు ఉండాలి కదా."

"మనుషులున్నాం కదండీ."

తాతయ్య తలుపు వేసుకుని తల్లి తోడేలు గొంతు ప్రయత్నించాడు. అమ్మమ్మ తలుపు సందులోంచి విని, "తోడేలా అది? జలుబు చేసిన హెడ్మాస్టరులా ఉంది," అంది.

సాయంత్రం దీపం పెట్టి దేవుడికి దణ్ణం పెడుతుంటే ఆయనకొక సందేహం వచ్చింది. స్వామీ, నువ్వు తోడేలును పొరపాటున పుట్టించి ఉండవు. మరి ఇన్నేళ్ళూ దాని చేత అంత చెడ్డమాటలు పలికించానే, దాన్ని నేనెప్పుడైనా చూశానా? జవాబు రాలేదు. వస్తుందని ఆయన అనుకోనూ లేదు. దీపాన్ని కళ్ళకద్దుకుని లేచాడు.

"పిల్ల గురించి దిగులుపడతారెందుకు?" అంది అమ్మమ్మ. "గొంతులోంచి తోడేలును తరిమేశానని చెప్పండి."

"అబద్ధం కదే."

"అక్కడ తోడేలు ఉందన్నది మాత్రం నిజమా ఏమిటి?"

మర్నాడు ఆయన చెప్పేశాడు. బుడంకాయ అంత తేలిగ్గా నమ్మలేదు. టార్చిలైటు తెచ్చుకుని, చెయ్యి చాపినంత దూరంలో నిలబడింది.

"నోరు తెరువు. పెద్దగా. అవి ఎవరి పళ్ళు?"

"నావే."

"అదేంటి వేలాడుతోంది?"

"కొండనాలుక. నీకూ ఉంది."

"తోడేలేదీ?"

"తరిమేశానమ్మా. వెళ్ళిపోయింది."

ఇంకోసారి వెలుగు వేసి చూసి, లైటు ఆర్పి, ఆయన ఒడిలోకి ఎక్కి కూర్చుంది. తాతయ్య ప్రాణం కుదుటపడింది. ఆ హుషారులో కొత్త కథ తీసి చదివి వినిపించాడు. గుహ పోయి, తల్లి పిల్లల్ని కరుచుకుని బయల్దేరిన చోట పిల్ల కాగితం మీద చెయ్యి పెట్టింది.

"నీ తోడేలుకు పిల్లలున్నాయా?"

"ఉండే ఉంటాయి," అన్నాడు ఆలోచించకుండా.

"ఎక్కడికెళ్ళాయి?"

"అడవికి."

"అక్కడ రోడ్డేస్తున్నారుగా. ఇప్పుడే చదివావు."

తాతయ్య అమ్మమ్మ వంక చూశాడు. ఆవిడ బఠాణీలు ఒలుస్తూ, "తరిమింది మీరు. నన్ను చూస్తారేం?" అంది.

పిల్ల ఒడి దిగిపోయింది. "ఎందుకు తరిమావు?"

"నువ్వు భయపడుతున్నావని."

"భయమేస్తే తరిమేస్తారా?"

బుడంకాయ వెళ్ళి వీధి గుమ్మంలో కూర్చుంది. మొన్నటిదాకా భయపడింది. ఇప్పుడు కోపం వచ్చింది. భయమే నయమనిపించింది తాతయ్యకు. వెళ్ళి పక్కన చతికిలబడ్డాడు.

"పిలు," అంది ఆయన వైపు చూడకుండా.

"ఏయ్, రా!" అని ఆయన పిలిచాడు. ఎదురుగా బట్టలు ఇస్త్రీ చేస్తున్నతను తలెత్తి, "నన్నేనాండీ?" అన్నాడు.

"అట్లా కాదు తాతయ్యా. నువ్వు కోప్పడ్డావుగా. అట్లా పిలిస్తే రాదు."

నిజమే అనుకున్నాడు. పొమ్మన్నవాడు రమ్మంటే ఎవరైనా ఎందుకు వస్తారు? ఏ మొహం పెట్టుకుని పిలవాలి? ఇస్త్రీ అతన్ని మరిచిపోయి, తల వంచి, నెమ్మదిగా అన్నాడు:

"రా తల్లీ. పిల్లల్నీ తీసుకురా. ఎవరూ ఏమీ అనరు."

గరుకు అలాగే ఉంది. అందులో కోపం లేదు. లోపల బఠాణీలు ఒలుస్తున్న చప్పుడు ఆగింది.

"వచ్చిందా?" అంది పిల్ల.

"వచ్చాను," అన్నాడు అదే గొంతుతో. "పిల్లలు కూడా వచ్చారు."

పిల్ల కొంచెం వెనక్కి జరిగింది. కాసేపు చూసింది. తర్వాత ముందుకు వచ్చి ఆయన గొంతు మీద అరచెయ్యి ఆనించింది.

"ఇరుకుగా ఉందా?"

"సర్దుకుంటాం. వెచ్చగా ఉంది."

"అయితే ఉండండి. తాతయ్య ఏమీ అనడు. నేను చెప్తాను." లోపలికి తిరిగి కేకేసింది: "అమ్మమ్మా, తాతయ్యకు కాఫీ బాగా చల్లార్చి ఇవ్వు. లోపల చిన్నపిల్లలున్నారు."

"చల్లారిన కాఫీయే గతి మీకు," అంది అమ్మమ్మ నవ్వుతూ.

గొంతు మారకముందే తాతయ్య మేడమ్‌కు ఫోన్ చేశాడు. ఒడిలో బుడంకాయ ఉంది. దాని చెయ్యి ఆయన గొంతు మీదే ఉంది.

"రేపు రికార్డు చేద్దామమ్మా."

"గొంతేమిటండీ అలా ఉంది? ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉందమ్మా," అన్నాడు మెల్లగా. "పిల్లలు ఇప్పుడే పడుకున్నాయి."