రువాసీకి పొద్దుటి బండి

తూర్ స్టేషన్లో మూడో కిటికీ వెనకాల ముప్ఫై మూడేళ్లు కూర్చుని టికెట్లు కొట్టిన రెజిస్‌కి ఊళ్లో ఒక పేరు స్థిరపడిపోయింది. పిరికి రెజిస్. మనిషి పిరికివాడని కాదు. ఎవరైనా వచ్చి "పారిస్ అవతల రువాసీలో విమానం ఎక్కాలి, ఏ బండికి పోవాలి?" అని అడిగారా, ఇక అయిపోయినట్టే. విమానం మధ్యాహ్నం అయితే వాళ్లని కోడి కూసే టైముకి ఇంట్లోంచి బయల్దేరదీసేవాడు.

"మూడు గంటలు ముందే పోయి ఆ గాజు మేడలో ఏం చెయ్యమంటావయ్యా, గోళ్లు గిల్లుకోనా?" అని తిట్టేవాళ్లు.

"గిల్లుకోండి. గోళ్లు మళ్లీ పెరుగుతాయి, పోయిన విమానం మళ్లీ రాదు" అనేవాడు.

ఊళ్లో దస్తావేజులు రాసే పెద్దమనిషి ఒకాయన ఈ మాట మీద పోట్లాడి, పై అధికారికి కంప్లయింటు కూడా రాశాడు. తన ఇష్టమొచ్చిన బండికి పోయి విమానం పోగొట్టుకుని, నెల తిరక్కుండానే మళ్లీ మూడో కిటికీ దగ్గరికే వచ్చి, గొంతు తగ్గించి, "ఆ పొద్దుటి బండే ఇవ్వు" అన్నాడు. రెజిస్ ఆ టికెట్టుతో పాటు, ఏర్‌పోర్టులో గిల్లుకోవడానికని ఒక గోళ్ల కత్తెర కూడా ఇచ్చాడు. అదీ మనవాడి వరస.

ఈ వరస ఎక్కువగా భరించింది ఓదిల్. స్టేషన్ కాఫీ హోటల్లో కౌంటరు ఆవిడదే. ఏప్రిల్ ఒకటో తారీకున రెజిస్ కాఫీకని వచ్చి, డబ్బులిచ్చే వంకన ఆవిడ వీపుకి కాయితం చేప అంటించి పోయేవాడు. ఏప్రిల్ ఫూల్ చెయ్యాలంటే అక్కడి వాడుక అది. సగం పూట ఆవిడ ఆ చేపతోనే అందరికీ కాఫీలు పోసేది. మర్నాడు ఆయన కాఫీలో ఉప్పు పడేది. ఆయన మొహం చిట్లించకుండా అంతా తాగి "ఇవాళ బాగా కుదిరిందండీ" అని కప్పు అక్కడ పెట్టి వెళ్లేవాడు. ఇలా ఇరవై ఆరు ఏప్రిళ్లు. ఇంతా చేసి ఒకళ్లనొకళ్లు ఎప్పుడూ "మీరు" అనేవాళ్లు. మధ్యలో కౌంటరుంది కదా, దాని మర్యాద దానికి.

తర్వాత హోటలు మూసేశారు. ఆ జాగాలో ఫోన్లు అమ్మే కొట్టు వెలిసింది. రెజిస్‌కి రిటైర్మెంటు వచ్చింది. ఓదిల్ మొగుడు పోయి తొమ్మిదేళ్లు. రెజిస్ అసలు పెళ్లే చేసుకోలేదు. దేశంలో బళ్ల టైములన్నీ నోటికొచ్చినవాడు ఆ ఒక్క బండీ చూస్తూ చూస్తూ వదిలేశాడు. ఇప్పుడిద్దరూ షేర్ నది ఒడ్డున ఒకే వీధిలో, రెండిళ్ల తేడాలో ఉంటున్నారు. పొద్దున్నే ఆవిడ రొట్టెల కొట్టుకి పోతే ఆయనక్కూడా ఒక రొట్టె తెస్తుంది. సాయంత్రం ఆయన వూవ్రే వైను తీసుకెళ్తే ఆవిడ పందిమాంసం పచ్చడి రొట్టెకి రాసి పెడుతుంది. హోటల్లో ఎవరెవరు ఏ టేబులు దగ్గర ఏడ్చారో, ఏ సైనికుడు ఏ పిల్ల కోసం మూడు బళ్లు వదిలేసుకున్నాడో చెప్పుకుంటూ నవ్వుకుంటారు. రెజిస్‌కి ఇంతకంటే ఇంకేం అక్కర్లేదు.

అక్టోబరు మొదట్లో ఒక సాయంత్రం ఓదిల్ గ్లాసు పక్కన పెట్టి చెప్పింది.

"మోంట్రియల్లో మా చెల్లెలు మిరేయ్ ఉంది కదా, దాని మొగుడు పోయాడు. ఒంటరిగా ఉండలేకపోతోంది. వచ్చెయ్యక్కా, ఇద్దరం కలిసుందాం అంటోంది. వచ్చే నెల మొదటి గురువారం నాడు విమానం. ఒంటిగంటంబావుకి."

"ఎన్నాళ్లకి?" అన్నాడు రెజిస్.

"వెళ్లి చూస్తాను. తిరుగు టికెట్టు తేదీ లేకుండానే తీసుకున్నా. మీరు నాకు బళ్లు రాసివ్వండి. నేను విమానం ఎక్కడం ఇదే మొదలు. మీరు ఏది రాస్తే అదే."

ఇంటికొచ్చి రెజిస్ అలమరలోంచి టైముబుక్కు తీశాడు. అసలు దాని అవసరమే లేదు. తూర్ నుంచి ఏడూ ఇరవైకి షటిల్ బండి. ఐదు నిమిషాల్లో పక్క స్టేషను సెంపియేర్. అక్కడ ఏడూ నలభైకి డైరెక్టు బండి. పారిస్ మొహం కూడా చూడకుండా పక్కనుంచి చుట్టేసుకుపోయి తొమ్మిదిన్నరకి రువాసీ ఏర్‌పోర్టు కిందే ఆగుతుంది. ఈ బండి కొత్తగా వేసిన రోజు మొదటి టికెట్టు కొట్టింది తనే.

కాయితం తీసుకున్నాడు, చెయ్యి మాత్రం వేరేది రాసింది. తూర్ నుంచి తొమ్మిదీ ముప్ఫై ఐదు బండి. పదీ నలభై ఐదుకి పారిస్‌లో మోంపర్నాస్ స్టేషను. అక్కణ్ణుంచి బస్సు. ఊరి చుట్టూ ఉన్న రింగు రోడ్డు మీద పోవాలి. అదృష్టం బావుంటే పన్నెండుకి ఏర్‌పోర్టు. పన్నెండుంబావుకి విమానం వాళ్లు కౌంటరు మూసేస్తారు. రింగు రోడ్డు మీద ఒక్క లారీ ఆగిపోయిందా, మిరేయ్ మోంట్రియల్లో ఒంటరిగానే ఉంటుంది. ఒక లారీ అయినా ఆగిపోని రోజు ఆ రోడ్డు మీద ఎన్నడైనా ఉందా?

రాసిన కాయితం చూస్తే తన అక్షరాలేనా అనిపించింది. అయినా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు ఇస్తే ఓదిల్ కళ్లద్దాలు పెట్టుకుని చదివింది. "సెంపియేర్ నుంచి డైరెక్టు ఉండేది కదండీ?"

"గురువారం నడవదు" అన్నాడు.

"అలాగా" అని కాయితం ఫ్రిజ్ తలుపుకి అంటించింది.

రెండ్రోజులు రెజిస్ ఆ ఇంటికి పోలేదు. జలుబన్నాడు. ఆవిడ సూపు తెచ్చి గుమ్మంలో పెట్టి పోయింది. ఆ సూపు తాగుతుంటే ఉప్పు పడ్డ కాఫీలన్నీ గుర్తొచ్చాయి. అవి తాగినప్పుడు ఇంత బాధ లేదు.

మూడో రోజు ఓదిల్ కాయితం పట్టుకుని తలుపు కొట్టకుండానే లోపలికొచ్చింది. బల్ల మీద పెట్టి వేలితో చూపించింది.

"ముప్ఫై మూడేళ్లలో మీరు ఎవరికైనా ఏర్‌పోర్టులో పావుగంట మిగిలేలా బళ్లు రాసిచ్చారా?"

రెజిస్ బల్ల మీది రొట్టె ముక్కలు ఏరడం మొదలెట్టాడు.

"ఆ దస్తావేజుల ముసలాయనకి నాలుగు గంటలిచ్చారు. మా ఆయన బతికున్నప్పుడు పోర్చుగల్ పోతానంటే మూడున్నర గంటలిచ్చారు, ఆయన అక్కడ చలిలో కూర్చుని నన్ను తిట్టుకున్నాడు. నాకు పావుగంటా?"

"తమాషాకండీ. వేళాకోళం" అన్నాడు రెజిస్.

"ఇది అక్టోబరు. పైగా మీరు వేళాకోళం చేసేటప్పుడు ముందు మీరే నవ్వుతారు. ఇప్పుడు మీ మొహం ఉతికి ఆరేసినట్టుంది. స్టేషనుకెళ్లి అడిగొచ్చాను. గురువారం బండి ఉంది. బ్రహ్మాండంగా నడుస్తోంది."

రెజిస్ కుర్చీలో కూర్చున్నాడు. కాయితం వైపు చూస్తూ, "విమానం తప్పిపోతే మీరు వెళ్లరనుకున్నాను" అన్నాడు.

ఓదిల్ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"సిగ్గు లేదూ నీకు" అంది. ఇన్నేళ్లలో మొదటిసారి నువ్వు అంది. "ఊరందర్నీ క్షేమంగా దాటించి, నన్ను నడిరోడ్డు మీద దింపేద్దామనుకున్నావు. నా మీద మనసులో ఏదన్నా ఉంటే నోటితో చెప్పాలి గానీ బళ్ల మీద పెడతావా?"

"చెప్పడం రాదు నాకు. బళ్లే వచ్చు."

"ఆ వచ్చిందీ తప్పు రాశావుగా ఇప్పుడు" అని లేచింది. వెళ్తూ గుమ్మంలో ఆగి, "ఆ గురువారం పొద్దున ఆరింటికి వచ్చి నా పెట్టె మొయ్యి. రువాసీ దాకా. నీకు పాసుందిగా, ఊరికే. శిక్ష అనుకో" అంది.

రిటైరైన రైల్వేవాళ్లకి పాసుంటుంది, దేశంలో ఎక్కడికైనా పోవచ్చు. ఆ పాసు మీద రెజిస్ సముద్రానికి రెండుసార్లు పోయాడు, అంతే. వేల మందిని రువాసీకి పంపాడు గానీ తను ఒక్కసారీ పోలేదు. అంతెత్తు మేడలో తనకేం పని.

ఆ గురువారం పొద్దున చలి కొరికేస్తోంది. షటిల్ బండిలో ఎదురెదురుగా కూర్చున్నారు. సెంపియేర్ ప్లాట్‌ఫారం మీద డైరెక్టు బండి నిమిషం కూడా తేడా లేకుండా వచ్చింది. రెజిస్‌కి గర్వమేసింది, వెంటనే ఏడుపొచ్చింది. పెట్టె పైకెక్కించి, కిటికీ సీటు ఆవిడకిచ్చాడు.

దారంతా ఓదిల్ మాట్లాడుతూనే ఉంది. హోటల్లో కాఫీ మిషను ఎలా మూలిగేదో మూలిగి చూపించింది. ఎదురు సీట్లో ఆయన పేపరు దించి చూశాడు.

"ఆ మిషను ఇప్పుడెక్కడుందో" అన్నాడు రెజిస్.

"ఎవడో పాత సామాన్లవాడు పట్టుకుపోయాడు. ఆ రోజు వాడి బండి వెనకాల స్టేషను మలుపు దాకా నడిచాను. పిచ్చిదాన్ననుకుంటారని ఎవరికీ చెప్పలేదు."

"నేను చూశాను, మూడో కిటికీలోంచి. మీరు తిరిగొచ్చేదాకా ఎవరికీ టికెట్టు ఇవ్వలేదు. లైను పెరిగిపోయి అందరూ తిట్టారు."

ఓదిల్ కిటికీ వైపు తిరిగింది.

తొమ్మిదిన్నరకి రువాసీ వచ్చింది. మేడ మెట్ల మీద ఎక్కడ చూసినా చక్రాల పెట్టెలే. పెట్టె కౌంటర్లో ఇచ్చేశాక ఇంకా రెండు గంటల పైనే మిగిలింది. ఇనప కుర్చీల్లో పక్కపక్కన కూర్చుని, ఆవిడ తెచ్చిన రొట్టెలు తిన్నారు. పాత స్టేషన్ మాస్టరు పిల్లి గురించి మాట్లాడుకున్నారు, మేకపాల జున్ను అమ్మే ముసలావిడ గురించి మాట్లాడుకున్నారు. రెజిస్ గోడ మీద గడియారం చూడకుండా ఉండాలని చూశాడు. అలవాటైన కన్ను, ఊరుకుంటుందా.

పన్నెండు దాటింది. ఓదిల్ లేచి కోటు గుండీలు పెట్టుకుంది. లైను దాకా నడిచారు. అక్కణ్ణుంచి టికెట్టూ పాస్‌పోర్టూ ఉన్నవాళ్లే పోవాలి.

"ఇక్కడిదాకా మోశావు కదా," అంది. "ఏదైనా చెప్పేదుంటే నోటితో చెప్పు. కాయితం మీద రాయకు."

రెజిస్ టోపీ తీసి చేతుల్లో నలిపాడు. వెనకాలవాళ్లు తోసుకుంటూ వస్తున్నారు. ఎవరిదో పెట్టె వచ్చి మడమకి తగిలింది.

"మీ చెల్లెలికి తోడు కావాలి, తెలుసు నాకు" అన్నాడు. "వెళ్లు. వెళ్లి ఆవిణ్ణి ఓదార్చు. తర్వాత తిరిగి రా. నాకు కూడా ఎవరూ లేరు. ఉన్నది నువ్వే."

అంత పొడుగు మాట ఒక్క దమ్ములో ఎప్పుడూ చెప్పలేదు. చెవులు ఎర్రబడ్డాయి.

ఓదిల్ పాస్‌పోర్టు తీసి తనిఖీ కుర్రవాడికిచ్చింది. వాడు తిరగేసి చూసి వెనక్కిచ్చాడు. తీసుకుని రెండడుగులేసి, భుజం మీంచి తిరిగి చెప్పింది.

"ఫిబ్రవరిలో అక్కడ మంచు మోకాళ్ల దాకా పడుతుందట. నాకు చలి పడదు, నీకు తెలుసుగా."

వెళ్లిపోయింది. నీలం కోటు జనంలో కాసేపు కనిపించి మాయమైంది.

రెజిస్ అక్కడే నించున్నాడు. పక్కన నేల తుడుస్తున్నాయన చీపురు ఆపి, "ఎవరన్నా రావాలా సార్?" అని అడిగాడు.

రెజిస్ టోపీ తల మీద సరిగ్గా పెట్టుకున్నాడు. "ఫిబ్రవరికి ఇంకా ఎన్ని వారాలున్నాయి బాబూ?" అన్నాడు.