కత్తెర పళ్ళెం

"రేపు ప్రారంభోత్సవానికి మంచి మంగళగిరి చీర కట్టుకురామ్మా. కల్నల్ గారికి కత్తెర పళ్ళెం నువ్వే అందించాలి," అన్నారు సుబేదార్ బసవయ్యగారు. అప్పుడు జ్ఞానేశ్వరి బల్ల కింద దూరి నలభయ్యో కంప్యూటర్‌కి వైరు బిగిస్తోంది.

గన్నవరం దగ్గర మిలిటరీవాళ్ళు పెట్టిన భాషల శిక్షణ కేంద్రం అది. జవాన్లు అక్కడ హెడ్‌ఫోన్లు పెట్టుకుని చైనీస్, రష్యన్ నేర్చుకోవాలి. సిగ్నల్స్ యూనిట్‌లో సివిలియన్ టెక్నీషియన్ జ్ఞానేశ్వరి. నెల్లాళ్ళు కష్టపడి నెట్‌వర్కంతా వేసింది తనే. అప్పగింత కాగితంలో 'పని చేసినవారు' అన్నచోట మాత్రం బసవయ్యగారి పేరొక్కటే ఉంది. ప్రమోషన్‌కి చూసేది ఆ కాగితమే. అడిగితే, "నీదీ నాదీ ఏమిటమ్మా, మనమంతా ఒక కుటుంబం," అన్నారు. ఆహా, ఏం కుటుంబం! భవానీపురంలో ఇంట్లోనూ ఇదే వరస. వైఫై ఆగితే అత్తగారు ఇందిరాదేవి, "ఉండు, అబ్బాయి వచ్చి చూస్తాడు," అంటుంది. ఆ అబ్బాయి, అంటే ఆమె మొగుడు వేదవ్యాస్, వచ్చి "జ్ఞానూ, కాస్త చూడు," అని సోఫాలో చతికిలబడతాడు. ఆమె బాగుచేశాక అత్తగారు కొడుక్కి కాఫీ ఇస్తుంది. ఒళ్ళు మండదూ మరి!

మర్నాడు రిబ్బన్ కత్తిరించి, కల్నల్ గారు మొదటి కంప్యూటర్ ముందు కూర్చున్నారు. పాఠం రాలేదు. నలభైలో ఒక్కదాంట్లోనూ రాలేదు.

"ఆడపిల్ల చేతి పని సార్. మొత్తం తనే వేసింది, ఎక్కడో తప్పుచేసి ఉంటుంది," అన్నారు బసవయ్యగారు ఠక్కున.

జ్ఞానేశ్వరి పళ్ళెంతోనే వైర్లన్నీ కలిసే స్విచ్ పెట్టె దగ్గరికి నడిచింది. అవసరానికని అదనంగా ఉంచిన వైరు రెండో కొసని కూడా ఎవరో అదే పెట్టెలో గుచ్చేశారు. ఇంకేముంది, డేటా అక్కడక్కడే గింగిరాలు కొట్టి నెట్‌వర్కంతా పడిపోయింది.

"ఇదెవరు పెట్టారు?"

"నేనేనమ్మా. వేలాడుతుంటే చూడ్డానికి బాగోలేదని..." నసిగారు బసవయ్యగారు.

"కాస్త ఇది పట్టుకోండి సాబ్," అని పళ్ళెం ఆయన చేతిలో పెట్టి, ఆ వైరు పీకేసింది. ఒక్కొక్క తెర మీదా పాఠం మొదలైంది.

"శభాష్ బసవయ్యా!" అన్నారు మొదటి కంప్యూటర్ ముందునుంచి లేవని కల్నల్ గారు, అప్పగింత కాగితం మీద సంతకానికి పెన్ను తీస్తూ.

జ్ఞానేశ్వరికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఆగండి సార్. మొత్తం నేనే వేశానని ఇందాక మీ అందరి ముందూ ఆయనే చెప్పారు. ఆ మాటే కాగితంలో రాయించండి, అప్పుడు పెట్టండి సంతకం."