నాలుగు పొరల గుడ్డబిళ్ల

గ్లాసుల కింద పెట్టుకోవడానికి పాత చీరలతో గుడ్డబిళ్లలు కుట్టి పంచడం నాకు సరదా. ఖర్చు లేని కానుక, చూసినవాళ్లు ముచ్చటపడతారు. కొంటా ఊళ్లో మా కొట్టుకు ఏళ్లుగా చింతపండు తెచ్చే కోయ మనిషి, కోసే అని, మొగుడు హిడ్మా పోయాక రావడం మానేసింది. పలకరిద్దామని నాలుగు బిళ్లలు పట్టుకుని మరైగూడలో ఆమె ఇంటికి వెళ్లాను.

"నాలుగు పొరలేశానే కోసే. చుక్క కింద పడనివ్వదు."

"మట్టి నేలకు గూడ చీర కడుతున్నవా షావుకారమ్మా?" అని నవ్వింది. ఆ నవ్వు నిలవలేదు. "రోజూ కలలకొచ్చి దూపైతాందంటుండు. ఆయన కాచిన ఇప్పసారా ఇంతే మిగిలింది. ఇయ్యాల ఆయనకు పోస్త."

ఆమె చేతిలోని గ్లాసు అడుగున ఒక్క గుక్క ఉంది. మా ఇళ్లలో సారా ముట్టం కదా, పద్ధతి తెలియక, పోసేది ఊరి బయట ఆయన పేర నిలిపిన రాయి దగ్గరనుకున్నాను. ఆమె ఇంట్లోనే కూర్చుని గ్లాసు నేలమీదికి వంచింది. ఒలికిపోతోందని చటుక్కున బిళ్ల కిందికి తోశాను. సారా అంతా గుడ్డే తాగేసింది.

"ఆయన నోటికాడిది గుంజుకుంటివి గదమ్మా! నేల తాగితేనే ఆయనకందేది," అంది కోసే.

బిళ్లను రెండు చేతులా పిండింది. చుక్క రాలలేదు. నేను లాక్కుని పళ్లతో కుట్లు తెంపాను. లోపలి తడి పొరలను నేలమీద పరిచి, ఇద్దరం అరచేతులతో అదిమాం.

మట్టి తడిసిందో లేదో, గుడ్డ ఎత్తి చూసే ధైర్యం ఇద్దరికీ లేకపోయింది.